పేరు, కంపెనీ, ఇష్టమైన జంతువు

శుక్రవారం రాత్రి బెంగళూరు సిల్క్ బోర్డు దగ్గర బస్సెక్కి, తెల్లారాక జీపులో నడుములు విరగ్గొట్టుకుని పశ్చిమ కనుమల్లోని కుద్రేముఖ్ కొండ కింద ముల్లోడి అనే ఊరి దాకా వెళ్లేది దేనికనుకుంటున్నారు? వన్యప్రాణుల్ని చూడ్డానికా? అబ్బే. పరిచయాలు చేసుకోవడానికి.

32 మందిమి. ట్రెక్ లీడర్ కుర్రాడు మమ్మల్ని వాగు పక్కన గుండ్రంగా నిలబెట్టాడు. పేరు, కంపెనీ, ఇష్టమైన జంతువు చెప్పాలి, మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి. వరసగా తొమ్మిదిమంది పులి అన్నారు. పదోవాడు కాసేపు ఆలోచించి తెల్లపులి అన్నాడు. ఒకాయన డైనోసార్. నేను పేరు చెప్పగానే పక్కాయన ‘మనవాళ్లేనా! ఏ ఊరండీ?’ అని అందుకుని, తెనాలి అనేసరికి వాళ్ల తోడల్లుడిదీ తెనాలేనని, ఆయన మారతహళ్లిలో ఫ్లాటు ఎంతకి కొన్నాడో మొదలుపెట్టాడు. దానికీ చప్పట్లే.

ఇంతలో వాగు అవతల ఎవరో ఈల వేశారు, పనీపాటా లేని కుర్రాడు కూనిరాగం తీసి సగంలో వదిలేసినట్టు. లీడర్‌కి కోపం వచ్చింది. ‘ఎవరండీ విజిల్? కొంచెం డిసిప్లిన్!’

అది మలబార్ విజిలింగ్ థ్రష్, మహాప్రభో. పిట్ట. పాపం దాని ఇంట్లో దానికే డిసిప్లిన్.

రోజుకి 300 మందికి మించి పైకి వదలకూడదని అటవీ శాఖ రూలు పెట్టింది, మంచిదే. చప్పట్లకి టికెట్ పెట్టడం మర్చిపోయినట్టున్నారు.

చివరికి చెట్లు దట్టంగా ఉన్నచోట గైడు, ఆ ఊరి పెద్దాయనే, చెయ్యెత్తి ‘సుమ్నిరి’ అన్నాడు మెల్లగా, కన్నడంలో ఊరుకోండని. పైకొమ్మ ఊగింది. నల్లటి ఒళ్లు, మొహం చుట్టూ నెరిసిన జూలు. సింహపు తోక కోతి! పశ్చిమ కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని ప్రాణి. 1894 మీటర్ల శిఖరం ఎక్కకపోయినా ఫర్వాలేదనిపించింది.

ఆ తెల్లపులిగాడు చిప్స్ ప్యాకెట్ తీసి గలగలలాడించాడు. ‘ఆజా, ఆజా’ అంటూ.

ఒరేయ్, అది కొమ్మల మీదే పండ్లూ పురుగులూ తిని బతుకుతుందిరా, నేల మీదకి దిగడమే తక్కువ. నీ ఉప్పూకారం మరిగి రోడ్డెక్కితే బండి కింద పడేది నువ్వు కాదు, పొట్టకి కరుచుకున్న పిల్లతో సహా అది! తమిళనాడు కొండల్లో వాల్పారైలో జరుగుతున్నది అదే. నీకు వీడియో, దానికి చావు.

కోతి వెళ్లిపోయింది. వీడియో సరిగ్గా రాలేదట, వాడు బాధపడ్డాడు.

సోమవారం పొద్దున ఆఫీసు స్టాండప్ మీటింగ్‌లో ఉండగా సాక్సు తడిగా తగిలింది. జలగ. ఎప్పటి నుంచి తాగుతోందో, రక్తం ఆగలేదు. పేరూ కంపెనీ అడక్కుండా నాతో బెంగళూరు దాకా వచ్చింది అదొక్కటే.