తీర్పు గడప దాకా రావాలి

తిరుపతిలో అద్దె ఇల్లు దొరకడం ఎవరికైనా కష్టమే. విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు, కొండ చుట్టూ అల్లుకున్న కొలువులు ఉన్న ఊరు ఇది. ఒక గది ఖాళీ అయిందంటే సాయంత్రానికల్లా అడ్వాన్సు చేతులు మారుతుంది. ఆ గది కోసం ఒక ట్రాన్స్ మహిళ, అంటే మగబిడ్డగా నమోదై పుట్టినా స్త్రీగా బతికే వ్యక్తి, వచ్చి అడిగితే మాత్రం జవాబు వేరుగా ఉంటుంది. 'టు లెట్' బోర్డు గేటుకు వేలాడుతూనే ఉంటుంది, ఇల్లు మాత్రం నిన్ననే ఎవరికో ఇచ్చేశామంటారు. కొంత మెత్తగా మాట్లాడే యజమాని అయితే, 'మాకేమీ అభ్యంతరం లేదమ్మా, చుట్టుపక్కల వాళ్లు ఒప్పుకోరు' అంటారు. చుట్టుపక్కల వాళ్లను కదిపితే వాళ్లు యజమాని వైపు చూపిస్తారు. చివరికి ఊరవతల, నీళ్లు సరిగా రాని చోట, అందరికంటే ఎక్కువ అద్దె కట్టి నలుగురైదుగురు ఒక్క గదిలో సర్దుకుంటారు. పగలు పని అడిగితే దొరకదు. రాత్రి రోడ్డు మీద కనిపిస్తే పోలీసులు ఆపుతారు. మరునాడు అదే ఊరు, 'వీళ్లు గౌరవంగా ఎందుకు బతకరు?' అని అడుగుతుంది.

చట్టంలో మాత్రం ఈ అద్దె ఇంటి ప్రస్తావన స్పష్టంగా ఉంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణకు 2019లో పార్లమెంటు చేసిన చట్టం చదువు, ఉద్యోగం, వైద్యంతో పాటు ఇల్లు అద్దెకు తీసుకోవడంలోనూ వివక్ష చూపరాదని రాసింది. కానీ ఇల్లు నిరాకరించిన వారికి శిక్ష ఏమిటో అందులో లేదు. మరింత బాధ కలిగించే విషయం ఇంకొకటుంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తిపై లైంగిక దాడికి ఆ చట్టం నిర్ణయించిన గరిష్ఠ శిక్ష రెండేళ్లు. మహిళపై అత్యాచారానికి పదేళ్లకు తగ్గని శిక్ష ఉన్న దేశంలో ఒకే రకమైన గాయానికి ఇంత తేడా ఎలా కుదురుతుందో ఏ ప్రభుత్వమూ సంతృప్తికరంగా చెప్పలేదు.

న్యాయస్థానాలు చాలా దూరం నడిచాయి. మూడో లింగానికి గుర్తింపునిస్తూ, తన లింగమేమిటో చెప్పుకునే హక్కు ఆ వ్యక్తిదేనంటూ సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు ఇచ్చింది. పెద్దవాళ్ల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తులు ఒక్క గొంతుతో చెప్పారు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జూన్‌లో, ట్రాన్స్ మహిళ కూడా మహిళేనని, ఆమె పిల్లలను కనలేరన్న కారణం చూపి, అత్తింటి వేధింపులపై ఫిర్యాదు చేసే హక్కును కాదనలేమని తేల్చింది. ఆధారాలు చాలవంటూ ఆ కేసును కొట్టేసినా, సూత్రాన్ని మాత్రం నిలబెట్టింది. ఇవి చిన్న విజయాలు కావు. వీటి వెనుక ఎందరో పేరులేని మనుషుల ఏళ్ల తరబడి పోరాటం ఉంది. అయితే అమరావతిలోనో ఢిల్లీలోనో రాసిన తీర్పు వార్డు సచివాలయం కౌంటరు దాకా, పోలీసు స్టేషను బల్ల దాకా, అద్దె ఇంటి గడప దాకా తనంతట తాను నడిచి రాదు. ఎవరో పట్టుకుని తీసుకురావాలి. ఇప్పటి వరకు ఆ బరువంతా బాధితుల భుజాల మీదే ఉంది. దాన్ని పంచుకోవాల్సిన వంతు ఇక ఊరిదని మేము నమ్ముతున్నాం.

ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. భూమి తగాదాలు, పింఛన్లు, రస్తాలు, నీటి పంపకాల అర్జీలతో బారులు తీరే జనంలో ట్రాన్స్‌జెండర్లూ ఉంటారు. వాళ్ల చేతిలోని కాగితాలు పైకి చూస్తే చాలా మామూలువి. ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో మరో పేరు, బ్యాంకు పుస్తకంలో పాత ఫొటో. ఒకటి సరిచేయాలంటే రెండోది తెమ్మంటారు, రెండోదానికి మొదటిది కావాలంటారు. ఇల్లు వదిలి వచ్చినప్పుడు కట్టుబట్టలతో వచ్చిన వాళ్లకు పుట్టినూరి నుంచి చిరునామా రుజువు ఎవరు పంపుతారు? వరుసలో ముందున్న వాళ్లు ఒక అడుగు జరుగుతారు, వెనకున్న వాళ్లు ఫోను తీసి ఫొటో తీస్తారు. పిలిచే గుమాస్తా పాత పేరు పెట్టి గట్టిగా పిలుస్తాడు. హాలంతా తల తిప్పి చూస్తుంది. ఒక్కసారి ఆ అవమానం పడ్డ మనిషి రెండో సోమవారం రాకపోతే, ఆ అర్జీ పరిష్కారమైందని అనుకోకూడదు.

నెల నెలా అందే పింఛను ఈ వర్గానికి నిజమైన ఊరట. దాన్ని తక్కువ చేయడం లేదు. 2024 జూలై నుంచి ట్రాన్స్‌జెండర్లకు నెలకు 4,000 రూపాయలు అందుతున్నాయి. అది సచివాలయ ఉద్యోగి ఇంటికొచ్చి చేతికిచ్చే డబ్బు కాబట్టి, ఆ మనిషి ఇక్కడే ఉంటున్నాడని, ఉంటున్నదని ప్రభుత్వం గుర్తించినట్టే. కానీ పింఛను అందాలంటే ముందు గుర్తింపు పత్రం కావాలి. తన శరీరం గురించి పది మంది ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుందన్న భయంతో ఆ పత్రానికి దరఖాస్తే చేయని వాళ్లు ఏ లెక్కలోకీ రారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'ఇతరులు' అని నమోదైన వాళ్లు 43,769 మంది. ఇంటి పెద్ద చెప్పిన సమాధానాన్నే రాసుకునే లెక్కలో, ఇంట్లోనే దాక్కుని బతికే బిడ్డ ఎలా కనిపిస్తుంది?

ఇంతవరకు చెప్పింది కంటికి కనిపించే వాళ్ల గురించి. కనిపించని వాళ్ల కష్టం మరో రకం. స్వలింగ ప్రేమికులైన యువతీ యువకులు మన వీధుల్లోనే, మన ఇళ్లలోనే ఉన్నారు. విషయం తెలిసిన రోజు నుంచి ఆ ఇంట్లో రెండే మాటలు వినిపిస్తాయి: వైద్యుడికి చూపించాలి, లేదా త్వరగా పెళ్లి చేయాలి. మొదటిదానికి సైన్సు ఏనాడో జవాబు చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుంచి 1990లోనే తీసేసింది. 'మార్చేస్తాం' అంటూ చికిత్స చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. అంటే అలాంటి వైద్యానికి డబ్బు తీసుకునే డాక్టరు మీద ఫిర్యాదు చేయవచ్చు. ఈ సంగతి ఎన్ని కుటుంబాలకు తెలుసు? రెండో మాట ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే దానివల్ల రెండు జీవితాలు నలుగుతాయి. ఇష్టంలేని పెళ్లి చేసుకున్న అబ్బాయి గురించి నలుగురూ జాలిపడతారేమో గానీ, ఆ ఇంటికి కోడలిగా వచ్చిన అమ్మాయికి ఎవరు ఏం సమాధానం చెప్పారు? పరువు పేరుతో ఆ అమ్మాయికి చేసింది మోసం. ఆ మాట మెత్తగా చెప్పడం మా వల్ల కాదు.

అమ్మాయిలు ఇద్దరు కలిసి బతకాలనుకుంటే పరిస్థితి నేరుగా పోలీసు స్టేషనుకు చేరుతుంది. 'మా అమ్మాయి కనపడటం లేదు' అని తల్లిదండ్రులు ఫిర్యాదు ఇస్తారు, మేజరైన అమ్మాయిని కూడా పోలీసులు తెచ్చి ఇంటికి అప్పగిస్తారు. ఇది చట్టం కాదు. 2024 డిసెంబరులో మన హైకోర్టు ఇలాంటి కేసులోనే, మేజరైన ఆ యువతి తనకు నచ్చిన వ్యక్తితో ఉండవచ్చని, తల్లిదండ్రులు జోక్యం చేసుకోరాదని చెప్పింది. చిత్తూరుకు పొరుగునే ఉన్న గుడియాత్తం పోలీసుల ప్రస్తావన కూడా వచ్చిన మరో కేసులో, 2025 మేలో మద్రాసు హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే మార్గం కాదన్నది. మన తిరుపతి, చిత్తూరు జిల్లాల ఎస్పీలు ఈ తీర్పుల సారాన్ని తెలుగులో రాయించి ప్రతి స్టేషను హౌస్ ఆఫీసరు బల్ల మీద పెట్టించడానికి ఒక్క వారం చాలు.

స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వలేమని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న చెప్పిన మాట నిజమే. ఆ తీర్పు ఎందరినో నిరాశపరిచింది, మమ్మల్ని కూడా. కానీ దాని తర్వాత కేంద్రం తీసుకున్న కొన్ని చిన్న నిర్ణయాలు జనానికి చేరనే లేదు. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి ఎల్‌జీబీటీక్యూ వ్యక్తులకు, అంటే స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు వంటి వారికి, అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. రేషను కార్డు విషయంలో భాగస్వాములను ఒకే ఇంటి సభ్యులుగా చూడాలని రాష్ట్రాలకు సూచన వెళ్లింది. ఇద్దరు మహిళలు ఒక బ్యాంకుకు వెళ్లారనుకోండి. ఫారం మీద 'సంబంధం' అన్న గడి దగ్గర కలం ఆగుతుంది. కౌంటరులోని ఉద్యోగి 'ఏమవుతారు?' అని అడుగుతారు. నిజం చెబితే ఖాతా రాదేమోనని 'అక్కచెల్లెళ్లు' అని రాసి బయటపడతారు. రేపు ఆసుపత్రిలో సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ రాత వాళ్లకు ఏ ఆసరా ఇవ్వదు. శాఖ మేనేజరుకు ఆ స్పష్టీకరణ తెలిసి ఉంటే, ఆ గడిలో నిజమే రాసేవాళ్లు.

ఇదంతా మన సంస్కృతి కాదనే వాదన ఈ ఊళ్లో తరచుగా వినిపిస్తుంది. ఆ మాట అనేవాళ్లు ఒక్కసారి మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరను తలచుకోవాలి. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలతో ఊరు ఊగిపోతుంది. మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. ఆడవాళ్లను చెరిచే పాలెగాడిని వెతికి వెతికి, అమ్మవారు దొర వేషంలో వచ్చి సంహరించిందని మన పెద్దలు చెప్పారు. బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు ఉదయం శ్రీవారే మోహినీ రూపంలో పల్లకీ ఎక్కి మాడవీధుల్లో దర్శనమిస్తారు. మొక్కు వేరు, జీవితం వేరు అన్నది మాకు తెలుసు. జాతరలో చీర కట్టిన భక్తుడికీ, రోజూ చీర కట్టుకుని బతికే ట్రాన్స్ మహిళకూ ఎంతో తేడా ఉంది. కానీ ఆ రూపాన్ని చూసి చేతులు జోడించడం తెలిసిన ఊరికి, మనిషిని చూసి ముఖం తిప్పుకోవడం ఏ సంప్రదాయమూ నేర్పలేదు.

మూడు రాష్ట్రాలు కలిసే చోటు కావడం చిత్తూరుకు ఒక సౌలభ్యం. పక్క వాళ్లు ఏం చేస్తున్నారో చూడటానికి దూరం వెళ్లనక్కరలేదు. తమిళనాడు 2008లోనే ట్రాన్స్‌జెండర్ల సంక్షేమ బోర్డు పెట్టింది. కర్ణాటక 2021లో ప్రభుత్వ ఉద్యోగాల్లో 1 శాతం రిజర్వేషన్ తెచ్చింది. పలమనేరు నుంచి ముళబాగిలు వెళ్లే బస్సు ఎక్కితే దిగేలోపు హక్కులు మారిపోతున్నాయంటే మన ప్రజాప్రతినిధులు ఆలోచించాలి. హైదరాబాద్‌లో 39 మంది ట్రాన్స్‌జెండర్లు ట్రాఫిక్ సహాయకులుగా చేరారు. అలిపిరి, లీలామహల్ కూడళ్లలో రద్దీని అదుపు చేయడానికి మనుషులు చాలక ఇబ్బంది పడే నగరంలో ఆ ప్రయోగం ఎందుకు జరగకూడదు? శ్రీసిటీలోని పరిశ్రమలూ ఆలోచించాలి. 2019 చట్టం ప్రకారం ప్రతి సంస్థలోనూ ఇలాంటి ఫిర్యాదులు వినే అధికారి ఉండాలి. పని చేస్తూ వివక్షకు గురైన ఒక ట్రాన్స్ ఉపాధ్యాయురాలి కేసులో సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో ఆ బాధ్యతను మళ్లీ గుర్తు చేసింది. లైంగిక ధోరణిని, లింగ గుర్తింపును కారణంగా చేసుకుని వేధించడం ర్యాగింగేనని యూజీసీ 2016లో నిబంధన మార్చింది. ఇన్ని విశ్వవిద్యాలయాలున్న ఊళ్లో హాస్టలు నోటీసు బోర్డు మీద ఆ వాక్యం కనిపించాలి.

అధికారులకు మా సూచన పెద్దదేమీ కాదు. నిబంధనల ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టరు పర్యవేక్షణలో ట్రాన్స్‌జెండర్ రక్షణ విభాగం ఉండాలి. అందులో ఎవరున్నారు, ఏ నంబరుకు ఫోను చేయాలి అన్నది ప్రతి సచివాలయం గోడ మీద రాయించండి. ఆ విభాగంలో ఆ వర్గానికి చెందిన వాళ్లను కూర్చోబెట్టండి. ట్రాన్స్ పురుషుల్ని (ఆడబిడ్డగా నమోదై పుట్టినా మగవారిగా బతికేవాళ్లను), స్వలింగ ప్రేమికుల్ని కూడా పిలవండి, ఎందుకంటే వాళ్ల సమస్యలు వేరు. తమ గురించి చేసే నిర్ణయంలో తమ గొంతు ఉండాలన్నదే ఈ ఉద్యమం మొదటి నుంచి అడుగుతున్నది.

ఇక పౌరుల వంతు. అర్జీ పట్టుకుని సోమవారం వెళ్లే మనిషి పక్కన ఒక పొరుగువారు, ఒక అధ్యాపకుడు, ఒక న్యాయవాది నిలబడితే గుమాస్తా గొంతు తగ్గుతుంది. ఓటరు జాబితాలో మూడో లింగం గడి 2009 నుంచే ఉంది, పేరు నమోదుకు సాయం చేయడం కష్టమేమీ కాదు. తిరుపతి కార్పొరేషన్‌లో 50 డివిజన్లున్నాయి. ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ, మా వీధిలో ట్రాన్స్‌జెండర్‌కు ఇల్లు ఇప్పిస్తారా అని ఒక్క ఓటరు అడిగినా ఆ ప్రశ్న అన్ని పార్టీల ఆఫీసులకూ చేరుతుంది. ఇంటి నుంచి గెంటేసిన పిల్లలకు రాత్రి తలదాచుకునే వసతి, ఇళ్ల యజమానులతో మాట్లాడి పెట్టే ఒక సంధానకర్త: ఈ రెండింటికి నిధులు కేటాయిస్తూ కార్పొరేషన్‌లో తీర్మానం రావాలి. దాన్ని ఏ పార్టీ వారు ప్రవేశపెట్టినా, ఆ వార్తను మేము మొదటి పేజీలో వేస్తాం.