“ఏడాదిలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ” ఫార్వర్డ్‌కి నా జవాబు

వేసవి సెలవులు మొదలైతే చాలు, వాట్సాప్ గ్రూపుల్లోకి ఆ ఫార్వర్డ్ మళ్లీ వస్తుంది. “మీ ఆడపిల్లను కరాటేలో చేర్చే ముందు అసలైన స్కూలుకుండే ఈ ఐదు గుర్తులు చూడండి” అని. గురుపరంపర బోధిధర్ముడి దాకా వెళ్లాలట. ఏడాదిలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ ఇవ్వాలట. మాస్టర్ పెంకులు పగలగొట్టాలట. అసలైన విద్య ప్రాణాంతకం కాబట్టి స్పారింగ్, అంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి తలపడే సాధన, పెట్టకూడదట. ఎంతటి మగవాడినైనా కూల్చే మర్మస్థానాలు మూడు నెలల్లో నేర్పాలట. బ్లాక్ బెల్ట్ వచ్చాక పోలీస్ స్టేషన్లో చేతులు రిజిస్టర్ చేయించుకోవాలని చివర్లో ఒక కొసరు. ఈసారి నాకు నలుగురు పంపారు, అందులో ఒకరు మా పిన్ని. అందుకే ఓపిగ్గా రాస్తున్నాను.

బౌద్ధ భిక్షువు బోధిధర్ముడు కంచి నుంచి వెళ్లి చైనాలోని షావోలిన్ మఠం సన్యాసులకు యుద్ధవిద్య నేర్పాడన్న కథ వినడానికి బాగుంటుంది. కానీ ఆయన పేరును షావోలిన్ వ్యాయామాలతో ముడిపెట్టిన ‘యీజిన్ జింగ్’ అనే పుస్తకం 1624 నాటిది. అంటే ఆయన కాలానికి వెయ్యేళ్లకు పైగా తర్వాతది. అది కట్టుకథేనని చైనా చరిత్రకారుడు టాంగ్ హావో 1930ల్లోనే తేల్చాడు. పోనీ నిజమే అనుకుందాం. పరంపర పాతదైనంత మాత్రాన పిల్లకు ఒరిగేదేమిటి? దసరాకు అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా అనే సంప్రదాయ యుద్ధవిద్య ప్రదర్శనలో కళ్లకు గంతలు కట్టుకుని కత్తి తిప్పేవాళ్లను చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. అది తరాల సాధన, మన గర్వం. బస్సులో చెయ్యి వేసినవాడి సంగతి చూడటానికి మాత్రం కావాల్సింది వేరే విద్య.

ఇక బెల్టు. జూడో స్థాపించిన కానో జిగోరో మొదటి దాన్‌లు, అంటే బ్లాక్ బెల్ట్ స్థాయులు, ఇచ్చింది 1883లో. కరాటేకు ఆ పద్ధతిని జపాన్ కరాటే గురువు ఫునాకోషి తెచ్చింది 1924లో. మొదటి బ్లాక్ బెల్ట్‌కు పేరైన ‘షోదాన్’ అంటే మొదటి మెట్టు అనే అర్థం, విద్య పూర్తయిందని కాదు. ముందే గ్యారంటీ ఇచ్చేశాక ఇంక పరీక్ష ఎందుకు? ఫీజు కోసం. రంగుకో టెస్టు, టెస్టుకో ఫీజు, దాని మీద సర్టిఫికెట్‌కు ఇంకో ఫీజు. గోడ మీది ఫెడరేషన్ ముద్రలూ అంతే. కరాటే అసోసియేషన్ ఆఫ్ ఇండియాకు 2020లో భారత ఒలింపిక్ సంఘమే గుర్తింపు తీసేసింది. అంతకుముందు దాని సర్టిఫికెట్లు తీసుకున్న పిల్లల నైపుణ్యం ఆ రోజు ఏమైనా తగ్గిందా? రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఆడే బాక్సింగులో ఈ రంగుల మెట్లే లేవు.

పెంకుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మధ్యలో చెక్కముక్కలు పెట్టి ఎడంగా పేర్చిన పెంకులు ఒకదాని మీద ఒకటి పడి విరుగుతాయి. పెంకు పక్కకు జరగదు, తిరిగి కొట్టదు.

నాకు నిజంగా కోపం తెప్పించింది స్పారింగ్ వద్దన్న మాట. కానో జిగోరో 1882లో టోక్యోలో చేసింది సరిగ్గా దీనికి తలకిందుల పని. జపాన్ పాత మల్లవిద్య జుజుత్సులోని ప్రమాదకరమైన పట్లను, దెబ్బలను స్వేచ్ఛాసాధనలోంచి పక్కన పెట్టాడు. అందువల్ల మిగిలినవాటిని ఎదురుతిరిగే మనిషి మీద, పూర్తి బలంతో, రోజూ ప్రయత్నించే వీలు దొరికింది. ప్రాణాంతకమైన దెబ్బను ఎవరి మీదా కొట్టి చూడలేం. కొట్టి చూడని దెబ్బ పనిచేస్తుందో లేదో మాస్టర్‌కే తెలియదు. జపాన్‌లో యనాగి ర్యూకెన్ అనే ఆయన చెయ్యి ఊపితే శిష్యులు తాకకుండానే ఎగిరిపడేవారు. 2006లో ఒక ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు కలిసిన పోటీ) ఆటగాడితో పోటీకి దిగాడు. అవతలివాడు శిష్యుడు కాదు కాబట్టి పడలేదు, ముఖం మీద గుద్దాడు. ఆ పెద్దాయన మోసగాడని నేననుకోను. శిష్యులు మర్యాదకు పడుతూ ఉంటే ఆయనా నమ్మేసి ఉంటాడు.

నేనూ అలా నమ్మినవాణ్ణే. ఇంటర్ అయ్యేదాకా మూడేళ్లు గాల్లో గుద్ది బ్రౌన్ బెల్ట్ తెచ్చుకున్నాను. డిగ్రీలో జూడో హాలుకు వెళ్తే, నాకంటే పదిహేను కిలోలు తక్కువున్న అమ్మాయి కాలర్ పట్టుకుని పడేసింది. లేచాను. మళ్లీ పడేసింది. నా కటాలన్నీ, అంటే కరాటేలో ఒంటరిగా వరసగా చేసే కదలికలన్నీ, నోటికి వచ్చు, ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తెలియలేదు.

స్పారింగ్ అంటే పిల్లల్ని చితకబాదించడం కాదు. తలకు రక్షణ, నోట్లో గార్డు, ఈడూ బరువూ చూసి జత, నొప్పి అనగానే ఆపే మాస్టర్, ఇవన్నీ ఉండాలి.

మూడు నెలల మాటలో కొంచెం నిజముంది, కానీ ఫార్వర్డ్ చెప్పిన కారణానికి కాదు. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. కెనడాలో మూడు యూనివర్సిటీల మొదటి ఏడాది విద్యార్థినులు దాదాపు 900 మంది. సగం మందికి మొత్తం 12 గంటల శిక్షణ, మిగతావారికి కరపత్రాలు. ఏడాదిలో అత్యాచారానికి గురైనవారు శిక్షణ పొందినవాళ్లలో 5.2 శాతం, పొందనివాళ్లలో 9.8 శాతం. వాళ్లకు నేర్పింది మర్మస్థానాలు కావు. తెలిసినవాడి ప్రవర్తనలో తేడాను ముందే పసిగట్టడం, మొహమాటం వదిలి గట్టిగా వద్దనడం, అప్పటికీ ఆగకపోతే కొట్టి బయటపడటం. మన దేశంలోనూ జాతీయ నేర గణాంకాల ప్రకారం అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు తెలిసినవాడే. చీకటి సందులో ముసుగు మనిషిని ఊహించుకుని నేర్పే క్లాసులో బాబాయి వరస అయ్యేవాడి గురించి ఒక్క ముక్క ఉండదు. మనింట్లో పెద్దలకు ఎదురు చెప్పకూడదని పెంచిన పిల్లకు, అన్నిటికంటే కష్టమైన టెక్నిక్ “చెయ్యి తియ్” అని అరవడమే.

చేతులు రిజిస్టర్ చేయించాలన్న చట్టం మన దేశంలో లేదు. ఆత్మరక్షణ హక్కు బ్లాక్ బెల్ట్ ఉన్నా లేకపోయినా అందరికీ ఉంది. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దాని గురించే. అవసరానికి మించి హాని చేయకూడదన్న హద్దు కూడా అక్కడే ఉంది. దాని గురించి పిల్లలకు చెప్పే మాస్టర్ కనబడితే నేనైతే అక్కడ ఇంకో అరగంట కూర్చుంటాను.

కూర్చోనిస్తే. మా పక్కింటివాళ్లు తమ పాపను చేర్చే ముందు ఒక క్లాసు చూస్తామని అడిగితే, తల్లిదండ్రులకు లోపలికి అనుమతి లేదన్నారట. ఏడాది ఫీజు కడితే యూనిఫాం ఫ్రీ అని కూడా చెప్పారట. వాళ్లు పాపను తీసుకుని వచ్చేశారు.