ఇంతకన్నా భద్రమైన ఉద్యోగం ఏదీ?

ఇంగ్లండ్‌లో స్కూలు దాటగానే రగ్బీ క్లబ్బు కాంట్రాక్టు మీద సంతకం పెట్టే కుర్రాళ్లను చూసి జాలిపడేవాళ్లు ఎక్కువైపోయారు. దెబ్బలు తగులుతాయట, ఉద్యోగ భద్రత లేదట. వీళ్ల అజ్ఞానానికి తీవ్రంగా చింతిస్తున్నాను. దెబ్బలు తగలాలంటే ముందు ఆడనివ్వాలి కదా!

మొదట్లో కుర్రాడి పనల్లా ప్రాక్టీసులో షీల్డు పట్టుకోవడం. మందపాటి ఆ దిండును ఛాతీకి ఆనించుకుని నిలబడితే, వందకు పైగా కిలోలున్న సీనియర్లు వరసగా వచ్చి గుద్ది పోతారు. కుర్రాడు లేచి, మూతికంటిన బురద తుడుచుకుని, తర్వాతి ఆయన కోసం షీల్డు సర్దుకుంటాడు. దీన్ని అనుభవం సంపాదించడం అంటారు.

1995 ఆగస్టు దాకా రగ్బీ యూనియన్‌లో, అంటే జట్టుకు పదిహేనుమంది ఆడే రగ్బీలో, ఆడినందుకు డబ్బు పుచ్చుకోవడం నిషిద్ధం. అంత గొప్ప సంప్రదాయం అంతరించిపోకూడదని కాబోలు, కుర్రాళ్ల జీతాల విషయంలో మాత్రం దాన్ని ఇప్పటికీ భక్తిశ్రద్ధలతో కాపాడుకొస్తున్నారు.

ఇక కుర్రాడు ప్రాప్ అయితే అదృష్టమే అదృష్టం. రెండు జట్లవాళ్లూ వంగి భుజాలు కలిపి నెట్టుకునే స్క్రమ్‌లో ముందు వరసలో నిలబడేవాళ్లు ఆలస్యంగా పండుతారని పెద్దల మాట. పండేదాకా బెంచీ మీద మాగబెడతారు. 78వ నిమిషంలో పిలుపొస్తుంది. రిఫరీ "క్రౌచ్, బైండ్, సెట్" అంటాడు. స్క్రమ్ కూలుతుంది. మళ్లీ అంటాడు. మళ్లీ కూలుతుంది. ఆనక పెనాల్టీ, ఆ వెంటనే చివరి విజిల్. మర్నాడు క్లబ్బువాళ్లు 'ఘనమైన అరంగేట్రం' అని ఫొటో పెడతారు. అందులో మనవాడి వీపు స్పష్టంగానే కనిపిస్తుంది.

"లోము 1994లో పందొమ్మిదేళ్లకే న్యూజీలాండ్‌కు ఆడలేదా? పొలాక్ 2025లో ఇరవై ఏళ్లకే ఇంగ్లండ్ తరఫున తొలి మ్యాచ్‌లోనే వేల్స్ మీద రెండు ట్రైలు (రగ్బీలో గోల్ లాంటివి) కొట్టలేదా?" అని అడుగుతారు. కొట్టాడు, ఎవరు కాదన్నారు? ఆ పేర్లు చెప్పే కదా మిగతా అందరి చేతా షీల్డులు మోయిస్తున్నది.

షీల్డు మోయడం బాగా వచ్చాక కింది డివిజన్‌కు లోన్ మీద పంపుతారు. అరువుకిచ్చిన క్లబ్బు తిరిగొచ్చేదాకా ఉంటుందా అంటే, అది వేరే ప్రశ్న. 2022లో వూస్టర్ వారియర్స్, వాస్ప్స్, 2023లో లండన్ ఐరిష్ క్లబ్బులు దివాలా తీసి సీనియర్లూ జూనియర్లూ అనే తేడా లేకుండా అందరినీ ఒకేసారి రోడ్డున పడేశాయి. ఇంత సమానత్వం ఇంకే ఉద్యోగంలో ఉంది?

ఒక్క విషయంలో మాత్రం సంస్కరణ అవసరం. తలకు దెబ్బ తగిలితే పక్కకు తీసుకెళ్లి పరీక్ష చేస్తారు. మనం ఏ మైదానంలో ఉన్నాం, ఇది ఏ హాఫ్, ఆఖరి స్కోరు ఎవరిది అని అడుగుతారు. ఇంతవరకూ న్యాయమే. ఆ తర్వాత "పోయిన మ్యాచ్ ఎవరితో ఆడావు?" అంటారు.

"ఆడలేదు డాక్టర్" అంటాడు కుర్రాడు నిజాయితీగా.

జ్ఞాపకశక్తి దెబ్బతిందని రాసుకుంటాడాయన.