మిడ్ తగ్గించండి, మనశ్శాంతి పెంచుకోండి

బ్యాండ్‌లో బాస్ గిటార్ వాయించేవాడికి ఉండే అసలు భయం ఒక్కటే: తను వాయించింది వినబడటం. వినబడితే తప్పులూ వినబడతాయి. ఈ ప్రమాదాన్ని తప్పించడానికే గిటార్ సిగ్నల్‌ను బలపరిచే ప్రీయాంప్‌లో, కింది (బాస్), మధ్య (మిడ్), పై (ట్రెబుల్) ధ్వనులను విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్ పెట్టారని, దాన్ని అందరూ సక్రమంగా వాడుకోవాలని బాధ్యత గల పౌరుడిగా మనవి చేస్తున్నాను.

పాతకాలం వాళ్లకు ఈ భాగ్యం లేదు. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బాస్‌కు ఉన్నవి రెండే నాబ్‌లు, వాల్యూమ్, టోన్. ఆ టోన్ నాబ్ ట్రెబుల్‌ను తగ్గించగలదే గానీ దేన్నీ పెంచలేదు. పాపం, వేళ్లను నమ్ముకుని బతికారు. 1976లో మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే వచ్చింది. గిటార్ పొట్టలోనే 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్, బాస్‌కో నాబ్, ట్రెబుల్‌కో నాబ్. ఇక పెంచడమూ మన చేతికొచ్చింది. పైగా ఇలాంటి గిటార్‌కు కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. రోజూ తీయడం మరిచిపోతుంటే, ఏదో ఒక కచేరీ మధ్యలో సౌండ్ బొంగురుపోయి దానంతటదే ఆగిపోతుంది. ఏ నాబూ చేయలేని మేలు ఇది.

అసలు శత్రువు మిడ్. నాలుగు తీగల బాస్‌లో అన్నిటికన్నా లావు తీగను ఊరికే మీటితే పలికేది 41 హెర్ట్‌జ్. అంత కింది ధ్వని చెవికి సరిగా ఆనదు. మీరు ఏ స్వరం వాయించారో వినేవాడికి చెప్పేసేది దానితో పాటే రెండింతలు, మూడింతలుగా పైన పలికే హార్మోనిక్స్. ఫోన్‌లోని బుల్లి స్పీకరు 41 హెర్ట్‌జ్ పలకలేకపోయినా బాస్ ఏం వాయిస్తోందో మనకు తెలుస్తుంది. హార్మోనిక్స్ విని మెదడే అడుగుస్వరాన్ని పూరించుకుంటుంది మరి. ఆ హార్మోనిక్స్‌లో ముఖ్యమైనవి ఉండేది మిడ్‌లోనే. సాక్షి ఎవరో తేలిపోయింది కదా? బాస్ పూర్తిగా పైకి, ట్రెబుల్ పూర్తిగా పైకి, మిడ్ పాతాళానికి. కేసు కొట్టేస్తారు.

ఇంట్లో ఒక్కరే వాయించుకుంటే ఈ సెట్టింగ్ అద్భుతంగా ఉంటుంది. తక్కువ వాల్యూమ్‌లో కింది ధ్వనులు చెవికి మరీ తక్కువగా వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే చూపించారు. అందుకే ఇంట్లో బాస్ పెంచుకుంటాం. ఆ నాబ్‌లను అలాగే స్టేజి మీదికి తీసుకెళ్లాలి. అక్కడ మీ బాస్ కిక్ డ్రమ్‌తో కలిసి గుబగుబలాడుతుంది, ట్రెబుల్‌ను డ్రమ్మర్ సింబల్స్ మింగేస్తాయి, మీరు ఖాళీ చేసిన మిడ్‌లో గిటారు, కీబోర్డు, గాయకుడు కాపురం పెడతారు. కీబోర్డు ఆయన ఎడమచేత్తో బాస్ కూడా కానిచ్చేస్తున్నా ఎవరూ గమనించరు, మీతో సహా.

స్పీకరును మోగించే యాంప్లిఫయర్, అదే ఆంప్ సంగతంటారా? బాస్‌ను 12 డెసిబెల్స్ పెంచితే ఆ ధ్వనులకు దాదాపు 16 రెట్ల పవర్ కావాలి. 20 వాట్లతో పోయేది 320కి చేరుతుంది. 1969లో వచ్చిన మహాకాయం, ఆంపెగ్ ఎస్‌వీటీ అనే బాస్ ఆంప్‌దే 300 వాట్లు. మీ ఆంప్ ఆయాసపడితే అది దాని ఆరోగ్య సమస్య.

కొన్ని ప్రీయాంప్‌లలో మిడ్‌కు రెండు నాబ్‌లుంటాయి, ఎంత అనడానికి ఒకటి, ఎక్కడ అనడానికి ఒకటి. వీటితో జాగ్రత్త. 250 హెర్ట్‌జ్ దగ్గర కాస్త తగ్గించినా, 800 దగ్గర కాస్త పెంచినా ప్రతి స్వరం విడివిడిగా వినబడి పరువు పోతుంది. మొదటి నాబ్‌ను నడిమధ్యన ఉంచితే రెండోదాన్ని ఎంత తిప్పినా ఏమీ మారదు, భయం లేదు. అయినా తిప్పి, కళ్లు మూసుకుని, 'ఆఁ, ఇప్పుడొచ్చింది టోన్' అనే మహానుభావులున్నారు. వారికి సభాముఖంగా నమస్కారం. ఇంతకన్నా ముందుచూపు సాన్స్ఆంప్ బాస్ డ్రైవర్ అనే ప్రీయాంప్ పెడల్‌ది. దాని తొలి వెర్షన్‌లో మిడ్ నాబే లేదు! తర్వాత ఎవరి ఒత్తిడికో లొంగి పెట్టారు.

ఇంత చేసినా ఒక ముప్పు మిగిలే ఉంది. చాలా ఆంప్‌ల వెనక, సిగ్నల్‌ను నేరుగా మిక్సర్‌కు పంపే డీఐ సాకెట్ పక్కన ప్రీ, పోస్ట్ అని చిన్న స్విచ్ ఉంటుంది. సౌండ్ ఇంజనీరు దాన్ని ప్రీ వైపు నొక్కాడంటే, ఆంప్ ఈక్వలైజర్‌ను తాకకుండానే సిగ్నల్ అతని మిక్సర్‌కు వెళ్లిపోతుంది. మీరు స్టేజి మీద ఆంప్ నాబ్‌లు తిప్పుతూనే ఉంటారు, హాలు మొత్తం మీ తప్పులు వింటూనే ఉంటుంది. కచేరీకి ముందే స్విచ్‌ను పోస్ట్‌లో పెట్టి, పైన టేపు అంటించండి. నల్ల టేపయితే అతనికి కనబడదు.