‘ఒక నంబరు పెద్దది అడగండి’ అన్న సలహా పట్టుకుని గుల్మార్గ్ వెళ్లకండి

ఈ చలికాలం విజయవాడ, గుంటూరు ట్రెక్కింగ్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. కశ్మీర్‌లోని గుల్మార్గ్‌కో ఉత్తరాఖండ్‌లోని ఔలీకో స్కీయింగ్ నేర్చుకోవడానికి వెళ్లేవాళ్ల కోసం రాసిన జాగ్రత్తలు అవి. బూట్ల గురించి అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: మీ మామూలు బూటు కంటే ఒక నంబరు పెద్దది అడగండి. చలి కాబట్టి రెండు మూడు జతల సాక్సులు వేసుకోండి. బకిల్స్ (బూటును బిగించే క్లిప్పులు) ఎంత గట్టిగా బిగిస్తే కాలు అంత భద్రం. తిమ్మిరి చలికి వస్తుంది, పట్టించుకోవద్దు. కొత్త చెప్పు కరిచినట్టే ఇదీ రెండు రోజులు కరుస్తుంది, తట్టుకోలేకపోతే నొప్పి మాత్ర వేసుకోండి. మొదటి రోజు ఇచ్చిన బూటు మార్చమని అడిగి అక్కడివాళ్లను ఇబ్బంది పెట్టకండి.

రాసినవాళ్లు మంచికే రాసి ఉంటారు. కానీ ఇందులో పాటించదగ్గ మాట ఒక్కటీ లేదు. మన ఊళ్ల నుంచి వెళ్లే బృందాలతో నేనూ వెళ్తుంటాను. ఏడాదంతా డబ్బు దాచుకుని, ఆఫీసులో సెలవు కోసం బతిమాలుకుని వచ్చిన పిల్లలు రెండో రోజుకే మంచు పక్కన కూలబడి, బూట్లు విప్పి పాదాలు పిసుక్కుంటుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకంటే ఆ నొప్పిలో చాలా భాగం రాకుండా చూసుకోగలిగిందే.

ముందు సైజు సంగతి. మిగతా తప్పులన్నీ దీంట్లోంచే పుడతాయి.

విజయవాడ బీసెంట్ రోడ్డులో బూట్లు కొనేటప్పుడు బొటనవేలి ముందు కాస్త ఖాళీ ఉందా లేదా అని నొక్కి చూస్తాం. నడిచే బూటుకు అది సరైన పద్ధతే. స్కీ బూటు నడవడానికి చేసింది కాదు. బయట పిక్క దాకా వచ్చే గట్టి ప్లాస్టిక్ షెల్, దాని లోపల మెత్తటి లైనర్. మనం మోకాలు ముందుకు వంచితే ఆ ఒత్తిడి షెల్ ద్వారా స్కీకి, అంటే కాలి కింద మంచు మీద జారే పొడుగాటి పలకకు చేరాలి, అప్పుడే స్కీ తిరుగుతుంది. లోపల పాదం అటూ ఇటూ జారుతుంటే ఆ ఒత్తిడి దారిలోనే పోతుంది.

అందుకని సరైన సైజు బూటులో నిటారుగా నిలబడితే వేళ్లు లైనర్ ముందు భాగానికి తగలాలి. మోకాళ్లు వంచితే మడమ వెనక్కి వెళ్లి కూర్చుంటుంది, వేళ్లు కాస్త వెనక్కి వస్తాయి. మనవాళ్లు బూట్లు ఇచ్చే గదిలో నిటారుగా నిలబడి, ‘వేళ్లు తగులుతున్నాయి, చిన్నది’ అనేసి పెద్దది తీసుకుంటారు. మోకాళ్లు వంచి చూడమని చెప్పేవాళ్లుండరు.

ఇంకో విషయం, స్కీ బూటు నంబరు మన ఏడు, ఎనిమిది, తొమ్మిది నంబర్లలో ఉండదు. పాదం పొడవే దాని సైజు, సెంటీమీటర్లలో. దీన్ని మాండోపాయింట్ అంటారు. 26.5 అని ఉంటే ఇరవై ఆరున్నర సెంటీమీటర్ల పాదానికి అని అర్థం. ఈ కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. సాయంత్రం తీసుకోండి, పగలంతా తిరిగిన పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి. గోడ వారన ఒక ఏ4 కాగితం పరిచి, మడమ గోడకు ఆనించి, ఆ కాలి మీద బరువు వేసి నిలబడండి. అన్నిటికంటే పొడుగు వేలి దగ్గర గీత గీయించండి. కొందరికి రెండో వేలే పొడుగు. రెండు పాదాలూ కొలిచి, పెద్దదాని కొలత రాసుకోండి. బూటు మడమ దగ్గర 305 అనో 315 అనో చెక్కి ఉండే అంకె పాదం సైజు కాదు, అది మిల్లీమీటర్లలో అడుగు సోల్ పొడవు. దాన్ని చూసి తికమక పడొద్దు. చాలా కంపెనీలు 26కీ 26.5కీ ఒకే షెల్ వాడతాయి, కాబట్టి అర సైజు పెంచి ఇమ్మంటే షెల్ మారకపోవచ్చు కూడా.

అనుమానం ఉంటే లైనర్ బయటికి లాగి చూడటమే అసలు పరీక్ష. గుల్మార్గ్‌లో గుంటూరు బ్రాడీపేట కుర్రాడొకడు కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. “అక్కా, నాది తొమ్మిదో నంబరు. పదికి సరిపోయేదే అడిగి తీసుకున్నా. అయినా పాదం చచ్చిపోతోంది” అన్నాడు. చూస్తే బకిల్స్ అన్నీ చివరి గాడిలో ఉన్నాయి. విప్పితే మూడు జతల సాక్సులు, పై జత మడతలు పడి పాదం మీద ముద్దగా చేరింది. ఆ మడతలు చర్మం మీద ఎర్రగా అచ్చు పడ్డాయి. లైనర్ తీసేసి, ఉత్త పాదాన్ని షెల్లో పెట్టి, వేళ్లు ముందు ఆనేదాకా జరపమన్నాను. మడమ వెనక సందులో రెండు వేళ్లు ఒకదాని వెనక ఒకటి పెట్టినా ఇంకా ఖాళీ మిగిలింది. నేర్చుకునేవాళ్లకు అక్కడ ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు ఉంటే చాలు. అంతకు మించితే బూటు పెద్దదే. “చిన్నది వేస్తే ఇంకా నొప్పెయ్యదా అక్కా?” అని భయపడ్డాడు పాపం. ఒక్క జత పల్చటి సాక్సుతో చిన్న సైజు వేసుకున్నాక, మధ్యాహ్నం అన్నాల దగ్గర పాదాల ఊసే ఎత్తలేదు. మలుపు తిరగడం రావట్లేదని దిగులు పడ్డాడు.

పొడవు సరిపోయినా పక్కలకు నొక్కుతుంటే అది వేరే సమస్య. ఎక్కువగా చెప్పులతో, ఉత్త కాళ్లతో తిరిగి పెరిగిన పాదాలు వేళ్ల దగ్గర వెడల్పుగా ఉంటాయి. అలాంటప్పుడు కావలసింది వెడల్పు బూటు, పొడుగు బూటు కాదు. ఈ వెడల్పును కూడా మిల్లీమీటర్లలోనే చెబుతారు. 26.5 సైజులో 98 దాకా ఇరుకు, 100 మధ్యస్థం, 102, ఆ పైన వెడల్పు. అద్దె బూట్ల గదిలో ‘లంబా నహీ, చౌడా చాహియే’ అనండి, అర్థమవుతుంది. సొంతంగా కొనుక్కున్నవాళ్లయితే బూట్లు సరిచేసేవాళ్ల దగ్గర ప్లాస్టిక్‌ను వేడి చేసి, ఎముక తగిలే చోట బయటికి సాగదీయించుకోవచ్చు.

ఇక సాక్సులు. ఒక్క జత చాలు, అదీ పల్చటిది. మోకాలి కింది దాకా వచ్చే మెరినో ఉన్నిదో సింథటిక్‌దో. కాటన్ అసలు వద్దు. స్కూలు సాక్సుల్లాంటివి చెమటను పీల్చుకుని తడిగా ఉండిపోతాయి, ఆ తడితోనే కాలు గడ్డకడుతుంది. వేడిని ఆపేది సాక్సుల మందం ఒక్కటే కాదు, లోపల మిగిలే కాస్త గాలి కూడా. గట్టి షెల్లో మూడు జతలు కూరితే ఆ గాలి పోతుంది, రక్తం తిరగడానికి చోటూ పోతుంది. థర్మల్ ప్యాంటు అంచు కూడా బూటులోకి దోపకండి. మోకాలి కింది ఎముక మీద ఆ మడత రోజంతా ఒరుసుకుంటే సాయంత్రానికి చెయ్యి వెయ్యనివ్వదు. హోటల్లో వేసుకున్న సాక్సుకు దారిలో చెమట పడుతుంది కాబట్టి, బూటు తొడిగే ముందు పొడి జత మార్చుకోండి.

‘ఎంత బిగిస్తే అంత భద్రం’ అన్న మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. పడ్డప్పుడు కాలు విరగకుండా చూసేది బకిల్ కాదు, బైండింగ్. బూటును స్కీకి పట్టి ఉంచేది, ఒత్తిడి హద్దు దాటగానే వదిలేసేది అదే. మనిషి బరువు, ఎత్తు, వయసు, అనుభవం, బూటు సోల్ పొడవు చూసి దాన్ని సెట్ చేస్తారు. బకిల్ పని మడమ లేవకుండా చూడటం వరకే. రెండు వేళ్లతో మూయగలిగినంత బిగువు చాలు. అరచేత్తో బలంగా నొక్కితేగానీ పడటం లేదంటే గాడి తప్పు. చివరి గాడి దాకా పోతే తప్ప బిగువు రావడం లేదంటే బూటే పెద్దది.

తొడిగేటప్పుడు లైనర్ నాలుకను మధ్యకు సర్ది, మడమను నేలకేసి రెండుసార్లు తట్టి, మోకాలు వంచి, మొదట పిక్క చుట్టూ ఉండే పై బకిల్స్ పెట్టండి. అప్పుడు మడమ తన చోటులో కుదురుకుంటుంది. పాదం మీది బకిల్స్ ఆ తర్వాత, ఊరికే ఆనేంత. ఒకటి రెండుసార్లు జారి వచ్చాక లైనర్ వేడెక్కి సర్దుకుంటుంది, అప్పుడు ఒక గాడి పెంచుకోవచ్చు. గొండోలాలో, అంటే కొండ పైకి తీసుకెళ్లే కేబుల్ కారులో కూర్చున్నంతసేపూ, టీ తాగేటప్పుడూ వదులు చేసి ఉంచండి.

అందరినీ తప్పుదారి పట్టిస్తున్నది తిమ్మిరి గురించిన మాట. మీ పాదం పైభాగాన, బొటనవేలి ఎముకకూ రెండో వేలి ఎముకకూ మధ్య, చీలమండ వైపు కాస్త పైకి వేలు ఆనించండి. చాలామందికి నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. షుగర్ ఉన్నవాళ్ల పాదాలు పరీక్షించేటప్పుడు డాక్టర్లు వేలు పెట్టి చూసే చోట్లలో ఇదొకటి. అక్కడ కండ చాలా తక్కువ, చర్మం కింద దాదాపు ఎముకే. ఆ మధ్యలోంచే ఒక రక్తనాళం, దాని పక్కనే ఒక నరం పోతాయి. స్కీ బూటులో పాదం మీది బకిల్ వచ్చి కూర్చునేది సరిగ్గా దాని మీదే.

ఇప్పుడు ఫార్వర్డ్ చెప్పినట్టు చేస్తే జరిగేది చూడండి. బూటు పెద్దది, పాదం జారుతుంది. జారకుండా బకిల్ బిగిస్తారు. నరం నలుగుతుంది, రక్తం తగ్గుతుంది, వేళ్లు చల్లబడి మొద్దుబారతాయి. చలి అనుకుని ఇంకో సాక్సు వేస్తారు, ఇంకా ఇరుకవుతుంది. పైగా వదులు బూటులో పట్టు కోసం తెలియకుండానే వేళ్లు ముడుస్తాం, దాంతో అరికాలు కండరాలు పట్టేస్తాయి. తిమ్మిరి తెచ్చిపెట్టేదీ ఆ సలహాయే, దాన్ని చలి మీదికి నెట్టేదీ ఆ సలహాయే.

చలికి మొద్దుబారడం లేదని నేననడం లేదు. గుల్మార్గ్ 2,600 మీటర్ల ఎత్తు పైన ఉంది, గొండోలా రెండో దశ దాదాపు 3,900 మీటర్ల దాకా తీసుకుపోతుంది. అక్కడి చలి మన జనవరి తెల్లవారుజాము చలితో పోల్చేది కాదు. కాబట్టి తేడా తెలుసుకోవాలి. బకిల్స్ పూర్తిగా వదిలేసి ఐదు పది నిమిషాలు వేళ్లు ఆడిస్తూ కూర్చోండి. చీమలు పాకినట్టయి స్పర్శ తిరిగొస్తే అది ఎక్కువగా ఒత్తిడి పనే. బొటనవేలికీ రెండో వేలికీ మధ్య చర్మం మాత్రమే మొద్దుబారితే పాదం మీది బకిల్‌ను, లైనర్ నాలుకను అనుమానించండి. మూడో, నాలుగో వేళ్ల మధ్య మంటగా ఉంటే పక్కల నుంచి నొక్కుతోంది. అలా కాకుండా వేళ్లు తెల్లగానో బూడిద రంగుగానో మారి, మైనంలా గట్టిపడి, స్పర్శే తెలియకపోతే ఇక మంచులో ఉండొద్దు, లోపలికి వచ్చేయండి. రుద్దకూడదు, నిప్పు దగ్గర పెట్టకూడదు. స్పర్శ లేని చర్మానికి కాలుతున్న సంగతి తెలియదు. గోరువెచ్చటి నీళ్లలో పెట్టి డాక్టరుకు చూపించాలి. ‘పట్టించుకోవద్దు’ అన్న ఒక్క మాట నమ్మి మంచులోనే ఉండిపోతే వేళ్లకే ముప్పు.

ప్లాస్టిక్ చలికి బిర్రబిగుస్తుంది కూడా. రాత్రి బూట్లు వరండాలో వదిలేయకుండా గదిలో పెట్టుకోండి, లైనర్ తేమ ఆరనివ్వండి. పొద్దున్నే గడ్డకట్టిన బూటులోకి పాదం దూర్చడంతోనే సగం నొప్పి మొదలవుతుంది.

కొత్త చెప్పు పోలిక కూడా ఇక్కడ కుదరదు. తోలు తడికీ వేడికీ సాగి పాదం ఆకారానికి వస్తుంది, అందుకే చెప్పు రెండు రోజులు కరిచి ఊరుకుంటుంది. స్కీ బూటులో మెత్తబడేది లైనర్ నురుగు మాత్రమే. షెల్ తనంతట తాను సాగదు. మీరు అద్దెకు తీసుకునే బూటులో ఆ లైనర్ ఎందరో తొడిగి ఇప్పటికే అణిగిపోయి ఉంటుంది. మొదటి రోజు ఎముకకు తగిలింది ఏడో రోజూ అక్కడే తగులుతుంది. నొప్పి మాత్ర వేసుకుంటే బొబ్బ లేస్తున్న సంగతి తెలియకుండా పోతుంది, అంతే.

షుగర్ ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మన గుంటూరు, విజయవాడల్లో నలభై దాటిన ఎవరిని కదిలించినా షుగర్ మాటే. ఎక్కువ కాలంగా ఉన్నవాళ్లలో పాదాల నరాలు దెబ్బతిని నొప్పి తెలియడం తగ్గుతుంది. ‘నాకేం నొప్పి లేదు, బూటు బాగానే ఉంది’ అని బాబాయిలు ధీమాగా అంటారు. వాళ్ల విషయంలో ఆ మాట నమ్మడానికి లేదు. చిన్న బొబ్బ పుండై నెలల తరబడి మానకపోవచ్చు. వెళ్లేముందు డాక్టరుకు పాదాలు చూపించుకోండి. అక్కడ ప్రతి మధ్యాహ్నం బూట్లు విప్పి, అరికాలు, మడమ, వేళ్ల సందులు కళ్లతో చూసుకోండి. వంగి చూసుకోలేకపోతే పక్కవాళ్లను చూడమనండి. ఎర్రబడి కాసేపటికీ తగ్గకపోతే ఆ పూట స్కీయింగ్ ఆపేయాల్సిందే.

చివరగా, బూటు మార్చమని అడగొద్దన్నది. తప్పకుండా అడగండి. వీలుంటే ముందు రోజు సాయంత్రమే వెళ్లి, పాదం గీసిన కాగితం చూపించి తీసుకోండి. బకిల్స్ పెట్టుకుని పావుగంట ఆ గదిలోనే మోకాళ్లు వంచుతూ నిలబడండి, సమస్య చాలావరకు అక్కడే బయటపడుతుంది. కాలిగోళ్లు అంతకు ముందే కత్తిరించుకోండి, పొడుగు గోరు ముందు తగిలి నల్లబడుతుంది. ఒకవేళ కోర్సు మధ్యలో బూటు మార్చుకుంటే మాత్రం స్కీలు కూడా వెంట తీసుకెళ్లండి. సైజు మారితే సోల్ పొడవు మారుతుంది, పాత బూటుకు సెట్ చేసిన బైండింగ్ కొత్తదానికి సరిపడదు. మళ్లీ సరిచేయించి, కొత్త బూటు అందులో పెట్టి చూపించమని అడిగిన తర్వాతే మంచు మీదికి వెళ్లండి.