సీతాఫలం ఐస్‌క్రీమూ, బావగారి ఎడమ దవడా

మొజంజాహీ మార్కెట్ రాతి గోడ పక్కన నిలబడి, సీతాఫలం ఐస్‌క్రీం మొదటి చెంచా నోట్లో పెట్టుకున్న బావగారు గట్టిగా కళ్ళు మూసుకున్నారు. ఒక కాలు దానంతటదే లేచింది.

"అంత మంచిగున్నదా బావా?" అన్నాడు బావమరిది.

జవాబు రాలేదు. ఒక చెయ్యి ఎడమ దవడ మీద, రెండోది గాల్లో. అయిదు సెకన్లకు కాలు కిందికి దిగింది. "పన్ను జివ్వుమన్నది రా" అన్నారు బావగారు. అంతకు పావుగంట ముందే వేడివేడి ఇరానీ చాయ్ తాగి వచ్చారు కదా, నేరం దాని మీద వేశారు.

చాయ్‌దేం తప్పు లేదు. పంటి మీది గట్టి పొర, అంటే ఎనామిల్‌కు నరమే ఉండదు, కాకపోతే అది చిగురు అంచు దగ్గరే ఆగిపోతుంది. చిగురు వెనక్కి జారిందంటే పంటి వేరు బయటపడుతుంది. దాని మీది పొర మరీ పలచన, త్వరగా అరిగిపోతుంది. ఆ అడుగునున్న డెంటిన్ అనే లోపలి పొర నిండా కంటికి కనపడని గొట్టాలు, వాటి నిండా ద్రవం. చలవ తగలగానే ఆ ద్రవం బయటి వైపు కదులుతుంది, లోపలున్న నరం కొస ఉలిక్కిపడుతుంది. స్వీడన్‌కు చెందిన దంత పరిశోధకుడు బ్రాన్‌స్ట్రోమ్ 1960లలో ప్రయోగాలు చేసి బలపరిచిన సిద్ధాంతమిది. బావగారి కాలు లేవడం కూడా దానికి సాక్ష్యమే.

ఇంతకీ చిగురెందుకు జారింది? బావగారు పళ్ళు తోమే తీరు చూస్తే అడుగంటిన పాలగిన్నె గుర్తొస్తుంది. కుచ్చులు గట్టివి, తోముడు అడ్డంగా. మూడు వారాలకే బ్రష్ పాత చీపురులా విచ్చుకుంటుంది. కుడిచేతివాటం వాళ్ళలో చాలామందికి ఎడమ వైపు కోరపన్నూ, దాని పక్కవీ ఇలాగే దెబ్బతింటాయి. పైగా పొద్దున్నే నిమ్మకాయ నీళ్ళు తాగి, ఆ వెంటనే తోముడు! నోటి పి.హెచ్. (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) సుమారు 5.5 కంటే దిగితే ఎనామిల్ మెత్తబడుతుంది. "పళ్ళు పులిశాయి" అని మనవాళ్ళు అననే అంటారు, కానీ ఆ పులుపు మీద బ్రష్ పెట్టకుండా అరగంట, వీలైతే గంట ఆగమంటే వినేవాళ్ళేరి?

వైద్యం ఇంట్లోనే మొదలైంది. అత్తగారు లవంగ నూనె తెచ్చారు. అది నరాన్ని కాసేపు జోకొడుతుందే గానీ గొట్టాలను మూయదు, నేరుగా రాస్తే చిగురు కాలుతుంది. కాలింది కూడా. పక్కింటాయన బొగ్గుపొడి, ఉప్పు అన్నాడు. అరిగిన పంటిని ఇంకా అరగదీసే సలహా అది.

ఆఖరికి అయిదు శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వచ్చింది. మూడో రోజుకే "పైసలు దండుగ" అని తీర్పు. ఇది తలనొప్పి మాత్ర కాదు మహాప్రభో! నరం జివ్వుమనడం తగ్గాలంటే పొటాషియం రోజూ అందాలి, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. స్టానస్ ఫ్లోరైడ్, ఆర్జినిన్ రకాలైతే గొట్టాల మూతులు పూడుస్తాయి. ఏదైనా నోట్లో కాసేపు ఉండాలి కదా? బావగారు నాలుగు చెంబుల నీళ్ళతో పుక్కిలించి, కొన్న మందును సింకుకు తాగిస్తున్నారు. నురుగు ఉమ్మేసి ఊరుకుంటే చాలు.

డాక్టరమ్మ ఆ పంటి మీదికి గాలి ఊదగానే కుర్చీలో కాలు మళ్ళీ లేచింది. "నొప్పి వెంటనే పోతదా, నిలుస్తదా?" అని అడిగిందామె. వెంటనే పోతే మన గొట్టాల గోలే. చలవ తీశాక కూడా అర నిమిషం దాటి నిలిచినా, నిద్రలో లేపినా, ఒక్క పంటితో కొరికినప్పుడే చుర్రుమన్నా పుచ్చో, బీటో అయ్యుండొచ్చు. వాటికి పేస్టుతో పని జరగదు. బావగారికి ఫ్లోరైడ్ వార్నిష్ పూసి, మెత్తని బ్రష్ చేతికిచ్చింది. దాన్ని కలం పట్టినట్టు పట్టుకోవాలి, చిగురు వైపు 45 డిగ్రీలు వంచాలి, పూటకు రెండు నిమిషాలు. రాత్రి పడుకునే ముందు ఆ పేస్టే కాస్త వేలితో పంటి మొదట్లో రాసి వదిలెయ్యాలి.

అయిదు వారాల తర్వాత మళ్ళీ అదే రాతి గోడ. బావగారు ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. బావమరిది గబుక్కున కప్పు గుంజుకున్నాడు.

"ఇటియ్ రా" అన్నారు బావగారు కళ్ళు తెరవకుండానే, "మంచిగున్నది."