పట్టా సంగతి తొమ్మిదో తరగతిలోనే తేలిపోతోంది

కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసినప్పుడు మన తెలుగు ఇళ్లలోనూ వాదోపవాదాలు సాగాయి. హార్వర్డ్ సీటు ఎవరికి దక్కాలన్నదే అందరి గొడవ. నాకు మాత్రం అది రైలు వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం మీద సీటు కోసం పోట్లాడుకున్నట్టు అనిపించింది.

షికాగో లెక్క చూడండి. 2006 ప్రాంతంలో అక్కడి ప్రభుత్వ బడుల్లో దాదాపు సగం మంది నల్లజాతి పిల్లలే. తొమ్మిదో తరగతిలో చేరిన ప్రతి వందమందిలో పాతికేళ్ల వయసుకల్లా నాలుగేళ్ల డిగ్రీ పొందేది ఆరుగురేనని 2006లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు చెప్పారు. తర్వాత సరిచూసుకుని ఎనిమిదన్నారు. ఆ సవరణతో ఎవరికీ ఊరట కలగలేదు!

పిల్లలకు ఆశ లేకనా? అదీ కాదు. డిగ్రీ చదవాలని గట్టిగా అనుకున్నవాళ్లలో కూడా సగానికి పైగా నాలుగేళ్ల కాలేజీలో చేరేలోపే జారిపోయారని అదే బృందం 2008లో తేల్చింది. ఎక్కడ జారారు? అలా జారే చోట్లలో ఒకటి, కాలేజీ చదువుకు ప్రభుత్వ ఆర్థిక సాయం కోసం నింపే ఫాఫ్సా ఫారం. అప్పట్లో అందులో తల్లిదండ్రుల ఆదాయపు పన్ను వివరాలు రాయాల్సి వచ్చేది. అమ్మ రాత్రి డ్యూటీలో ఉంటుంది, నాన్న వేరే ఊళ్లో ఉంటాడు. పదిహేడేళ్ల కుర్రాడు ఆ గడుల ముందు ఎంతసేపు కూర్చుంటాడు? పక్కన కూర్చుని నింపించే కౌన్సిలర్, అంటే చదువుల విషయంలో దారి చూపే ఉద్యోగి, ఉన్న బడిలో అతను గట్టెక్కుతాడు. ఒక్కో కౌన్సిలర్‌కు 250 మందికి మించి విద్యార్థులు ఉండకూడదని వాళ్ల వృత్తి సంఘమే చెబుతోంది. అయినా కౌన్సిలర్ లేకపోయినా పోలీసు మాత్రం ఉన్న బడులు ఆ దేశంలో తక్కువేమీ కాదు.

ఫారం దాకా రానివ్వని అడ్డంకి ఇంకొకటుంది. ఒకే నల్లజాతి విద్యార్థిని ఇద్దరు టీచర్లు అంచనా వేస్తే, అతను డిగ్రీ పూర్తిచేస్తాడన్న నమ్మకం నల్లజాతి టీచరు కంటే ఇతర టీచర్లకు బాగా తక్కువని 2016లో వెలువడిన అధ్యయనం ఒకటి చూపింది. వాడి వల్ల కాదులే అనుకున్న టీచరు కష్టమైన లెక్కల క్లాసుకు అతని పేరు రాయడు.

ఇక డబ్బు సంగతి. బడికి వచ్చే నిధుల్లో పెద్ద వాటా స్థానిక ఆస్తి పన్నుదే. నగరంలో జాతిపరమైన బడుల వేర్పాటును సరిదిద్దడానికి తప్పు చేయని శివార్లను కలపరాదని 1974లో డెట్రాయిట్ కేసులో సుప్రీంకోర్టు 5–4తో తీర్పిచ్చాక, నగరం బడులకూ శివార్ల బడులకూ మధ్య ఉన్న సరిహద్దు గీతలు రాతి గోడలయ్యాయి. షికాగో శివార్లలోని నేపర్‌విల్‌లో ఇల్లు కొనేటప్పుడు మనవాళ్లు ముందు అడిగేది బడి రేటింగే. గీతకు ఈవల ఉన్న లాభం మనకు బాగా తెలుసు. ఆవల ఉన్నవాళ్ల మార్కుల గురించి తీర్పులు చెప్పేటప్పుడే ఆ గీత మన కంటికి ఆనదు.

ఫాఫ్సా నింపడమో, వద్దని రాసివ్వడమో చేస్తేనే హైస్కూలు పూర్తయినట్టని 2020–21 నుంచి షికాగో ఉన్న ఇల్లినాయి రాష్ట్రం నిబంధన పెట్టింది. ఆ కుర్రాడి పక్కన ఎవరు కూర్చోవాలన్నది ఇప్పుడు బడి తేల్చుకోవలసిన విషయం.